వేలానికి వచ్చిన చేపలు, రాని బోటు

నేను ఉద్యోగం మానేసి పదమూడు నెలలైంది. ముప్ఫై ఒక్క ఏళ్ళకే దాన్ని రిటైర్మెంటు అంటే పెద్దవాళ్ళు నవ్వుతారు. కానీ తిరిగి వెళ్ళే ఆలోచన లేదు కాబట్టి నాకు అది రిటైర్మెంటే. మా కాలేజీలో చదివి ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్న అమ్మాయిలు ఇద్దరు "అక్కా, అసలు అక్కడ రోజంతా ఏం చేస్తారు?" అని అడిగారు. ఫోనులో చెప్పబోయి చెప్పలేకపోయాను. అందుకని పాప పడుకున్నాక, మధ్యలో రెండుసార్లు లేచి దాని ఊపిరి చూసుకుంటూ, ఇది రాస్తున్నాను.

ఈ వేళప్పుడు జ్ఞాపకాలు వరసగా రావు. చేపల రేవులో మంచు పట్టిన ఉదయం బోట్లు కనిపించినట్టు వస్తాయి. ముందు దీపం, తర్వాత రంగు, చాలాసేపటికి మనుషులు. ఎవరు ఎప్పుడు మేనేజరయ్యారో, ఏ ఏడు ఎంత పెంచారో నాకు ఇప్పటికే గుర్తు లేదు. గుర్తున్నవి మూడు నాలుగు రోజులు మాత్రమే. వాటి గురించే రాస్తాను.

బస్సు పని

ద్వారకానగర్‌లో ఒక మేడమీద మా ఆఫీసు. పన్నెండు మందిమి. మేం చేసే పనిని ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట ఇంట్లో చెబితే మా అమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది.

"బస్సేటే? ఇంత సదివించింది నిన్ను బస్సెక్కించడానికేటి?"

"ఆ బస్సు కాదమ్మా. కంప్యూటర్లో ఉంటాది."

"కంప్యూటర్లో బస్సెలాగుంటాదే? టిక్కెట్టు ఎవుడు కొడతాడు?"

అమ్మ హాస్యానికి అన్నది గానీ, ఆ ప్రశ్నకి జవాబే నా ఉద్యోగం. ఒక ఊళ్ళో నాలుగు ఆఫీసులు ఉన్నాయనుకోండి. నాలుగూ నాలుగు కాలాల్లో, నలుగురు వేరువేరు మనుషుల చేత ప్రోగ్రాములు రాయించుకున్నాయి. ప్రతి ప్రోగ్రాముకీ ఒక కిటికీ ఉంటుంది. బయటి ప్రోగ్రాములు ఆ కిటికీ దగ్గరికి వచ్చి అడగొచ్చు, చెప్పొచ్చు. దాన్నే వెబ్ సర్వీసు అంటాం. చిక్కల్లా ఏమిటంటే ఒక్కో కిటికీది ఒక్కో భాష. ఒకటి తేదీ ముందు రాస్తుంది, ఇంకొకటి నెల ముందు రాస్తుంది. ఒకటి జరిగిన వెంటనే చెబుతుంది, ఇంకొకటి సాయంత్రం దాకా మూట కట్టుకుని ఒక్కసారే కుమ్మరిస్తుంది. ప్రతి ఒక్కరినీ ప్రతి ఒక్కరితో కలపడం మొదలుపెడితే తీగలు చిక్కుపడిపోతాయి. అందుకని మధ్యలో ఒక దారి వేస్తాం. అందరూ తమ మాట ఆ దారిలో ఎక్కిస్తారు. అవతలివాడికి అర్థమయ్యేటట్టు మాట మార్చి, దిగాల్సిన చోట దింపడం ఆ దారి పని. అదే బస్సు.

ఆఫీసు కిటికీలోంచి చూస్తే రెండు మేడల సందులో వేలెడంత సముద్రం కనిపించేది. తెరమీద సందేశాలు ఒకటొకటిగా కదులుతుంటే, సందులో ఓడ ఒకటి కదిలేది. ఏది ఎందులో పోతోందో తెలియని మధ్యాహ్నాలు చాలా ఉండేవి. ఆ పనిని నేను ఇష్టపడ్డాను. ఇది ముందే చెప్పేయాలి. లేకపోతే కింద రాసేవన్నీ ఫిర్యాదుల్లా కనిపిస్తాయి.

మూర్తి గారి నియమం

మా బాస్ మూర్తి గారు. మంచి ఇంజినీరు, చెడ్డ వక్త. కస్టమర్ల ముందు ఆయన నోరు తెరిస్తే మాకు భయం వేసేది. ఆయనకి ఒకే ఒక నియమం ఉండేది. ఏ రెండు చోట్లని కలపాలన్నా ముందు రెండు చోట్లా ఒక్కో రోజు కూర్చుని రావాలి. కాగితం మీద ఉన్నది చదివితే చాలదు. వెళ్ళి కూర్చోవాలి.

ఆ నియమం విలువ నాకు ఆటోనగర్‌లో తెలిసింది. ఒక ఇనుప ఊచల వ్యాపారి కాటా ప్రోగ్రాముని ఒక రవాణా కంపెనీ ప్రోగ్రాముతో కలిపాను. కాటా టన్నుల్లో చెబుతుంది. రవాణా వాళ్ళది కిలోల్లో వింటుంది. నేను ఆ సంగతి చూడలేదు. మొదటి రోజు ఇరవై రెండు టన్నుల ఊచలు ఇరవై రెండు కిలోలైపోయాయి. ఆ బరువుకి తగ్గట్టు రవాణా ప్రోగ్రాము ఒక ట్రాలీ ఆటోని పంపింది. ఆ ఆటో అతను యార్డులో దిగి కొండలా ఉన్న ఊచల కట్టలు చూసి, "ఏటి బాబూ, ఇయ్యన్నీ నా బండి మీదే? ముందు బండి మీదికెక్కించి, తరవాత బండిని నాసేత మోయించుతారేటి?" అన్నాడట. యార్డంతా నవ్వింది. మూర్తి గారూ నవ్వారు. నవ్వుతూనే, "కాటా దగ్గర ఒక్క పూట కూర్చుని ఉంటే తెలిసేది కదమ్మా" అన్నారు.

నవ్వుతో పోయే తప్పులు చాలా మంచివి. అవి మనల్ని జాగ్రత్తపరులమనుకునేలా చేస్తాయి, అదొక్కటే వాటిలో ప్రమాదం.

బోట్ల లెక్క

రెండువేల దశకం సగం దాటాక మాకు చేపల రేవు పని వచ్చింది. మరపడవల యజమానుల సంఘం ఒకటి, రేవు పక్కన చిన్న వైర్‌లెస్ గది నడిపేది. వాతావరణ హెచ్చరిక వచ్చినప్పుడు ఆ గదిలోంచి సముద్రంలో ఉన్న బోట్లని పిలిచి వెనక్కి రమ్మని చెప్పాలి. కష్టం ఎక్కడంటే, ఏ రోజున ఏ బోటు సముద్రంలో ఉందో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. బోట్లు కట్టే జట్టీ మీద వాచ్‌మన్ దగ్గర ఒక పుస్తకం ఉండేది. అందులో సగం రోజులు ఖాళీ.

నేను ఒక ఉపాయం చెప్పాను. డీజిలు బంకుకి ప్రోగ్రాము ఉంది. ఐసు ఫ్యాక్టరీకి ఉంది. చేపల వేలం హాలుకి ఉంది. ఒక బోటు డీజిలూ ఐసూ ఎక్కించుకుందంటే వేటకి వెళ్ళినట్టు. ఆ బోటు చేపలు వేలంలో అమ్ముడయ్యాయంటే తిరిగి వచ్చినట్టు. ఈ మూడింటినీ బస్సు మీద కలిపి, హెచ్చరిక వచ్చిన క్షణంలో "సముద్రంలో ఉన్నవి" అని ఒక జాబితా తీస్తే సరిపోతుంది. ఎవరూ ఏమీ కొత్తగా రాయక్కర్లేదు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

బంకు దగ్గర ఒక రోజు కూర్చున్నాను. ఐసు ఫ్యాక్టరీలో ఒక రోజు కూర్చున్నాను. ఐసు దిమ్మలు చెక్క జారుడు మీద బోట్లలోకి జారిపోతుంటే, చల్లటి తెల్లటి ఆవిరిలో మనుషులు నడుము దాకా మాయమైపోయేవారు. వేలం హాలుకి మాత్రం వెళ్ళలేదు. వేలం తెల్లవారకముందే మొదలవుతుంది. నాకు పొద్దున్న నిద్ర ఇష్టం. వాళ్ళిచ్చిన కాగితాల్లో బోటు నంబరు, చేప రకం, బరువు, వేళ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇంక చూడ్డానికేముంది అనుకున్నాను. మూర్తి గారు అడిగితే, "చూశాను సార్" అన్నాను. కాగితం చూశాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

వైర్‌లెస్ గదిలో ఆపరేటరు అప్పారావు గారు. యాభై దాటినాయన. ఒకప్పుడు బోటు మీద కలాసీగా పనిచేసి, చెయ్యి దెబ్బతిని ఒడ్డున కుదురుకున్నాడు. నా తెర వైపు అనుమానంగా చూసేవాడు.

"ఇదేటమ్మా, ఎవుడు ఏటకెల్లాడో ఇదే సెప్పీగలదా?"

"చెబుతుంది అప్పారావు గారూ."

"మా ఆవిడ కన్నా గొప్పదే అయితే. నానెక్కడికెల్లానో దానికి ఇప్పటికీ తెల్దు."

ఆ మధ్యాహ్నం

జాబితా పనిచెయ్యడం మొదలుపెట్టిన మూడో వారంలో మొదటి హెచ్చరిక వచ్చింది. నేను ఆ రోజు గదిలోనే ఉన్నాను. సముద్రం పాలు పోసినట్టు ఉంది. గాలి లేదు. కొండ మీద లైట్‌హౌసు ఎండలో తేలుతున్నట్టుంది. ఇలాంటి రోజున తుఫానంటే చిన్నపిల్లలు కూడా నమ్మరు.

ఒంటిగంటకి హెచ్చరిక సందేశం బస్సు మీదకి వచ్చింది. రెండు నిమిషాల్లో జాబితా అచ్చయింది. పదకొండు బోట్లు. అప్పారావు గారు ఒక్కొక్క నంబరే పిలిచాడు. ఒక్కొక్కరే పలికారు. గరగరల మధ్య గొంతులు దూరం నుంచి, నిద్రలోంచి వచ్చినట్టు వచ్చేవి. మూడయ్యేసరికి పదకొండింటి పక్కనా టిక్కు పడింది. అందరూ వెనక్కి తిరిగారు. అప్పారావు గారు టీ తెప్పించాడు. నాకు జీవితంలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అప్పుడు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. నెత్తిమీద ఖాళీ చేపల గంప. పేరు నూకాలమ్మ అని అప్పారావు గారి పలకరింపుతో తెలిసింది. ఆమె భర్త ఎల్లాజీ ఒక బోటుకి డ్రైవరు.

"మావోడి బోటుని పిలిసీనావా అన్నయ్యా?"

అప్పారావు గారు కాగితం చూశాడు. ఆ నంబరు లేదు. నా వైపు చూశాడు. నేను తెరమీద వెతికి, ధైర్యంగా చెప్పాను.

"మీ బోటు వచ్చేసిందమ్మా. ఈవేళ పొద్దున్నే మీ చేపలు వేలం అయ్యాయి కదా."

ఆమె గంప కింద పెట్టింది.

"అయ్యాయి. నానే దగ్గరుండి పాడించాను. సేపలొచ్చాయి తల్లీ, మడిసి రాలేదు."

"చేపలు రావడమేమిటి, బోటు రాకుండా?"

"ఏటమ్మా అలగంతావు? ఐదారు రోజులు ఏటలో ఉంటారు. ఐసు సాలదు, సేప పాడైపోద్ది. ఎనక్కొచ్చీ బోటేదైనా ఉంటే దానికెక్కించి పంపీస్తారు. మావోడు ఆళ్ళ బావ బోటుకెక్కించీసి పంపీనాడు. మావోడు మాత్రం ఏటయిపోయీవరకూ సముద్రంలోనే ఉంతాడు. ఇది రేవులో సిన్నపిల్లలకీ తెలుసు."

నాకు తెలియదు. ఒక్క పొద్దున్న వేలం హాలులో నిలబడి ఉంటే తెలిసేది. ఒక బోటులోంచి దిగిన చేపలు నాలుగు రాశులుగా పోసి, నాలుగు నంబర్లతో పాడడం కళ్ళతో చూసేదాన్ని. నా బస్సు చేపల్ని చూసి మనిషి వచ్చాడనుకుంది. అలా అనుకోమని దానికి చెప్పింది నేను.

ఎల్లాజీ బోటులో ఏడుగురున్నారు.

అప్పారావు గారు వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. ఆ నంబరు పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. మూడింటికి చెయ్యాల్సిన పని కాదది, ఒంటిగంటకి చెయ్యాల్సింది. ఆ రెండు గంటల్లో ఎల్లాజీ ఇంకా లోపలికి, మన సెట్టుకి అందనంత దూరం పోయాడు. గాలి లేచింది. కిటికీ రెక్క దానంతటదే ఒకసారి కొట్టుకుంది. నూకాలమ్మ గుమ్మంలోనే కూలబడింది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది.

పదకొండింటిలో అన్నిటికన్నా దూరంలో ఉన్న బోటుని అప్పారావు గారు పిలిచాడు. "బావా, నువ్వు అక్కడే కొంచెం ఆగి ఎల్లాజీని పిలువు. నా కేక అందట్లేదు, నీది అందుతాది."

"గాలి లేత్తంది బావా. నాకూ ఏడుగురున్నారు."

"తెలుసు. పది నిమిసాలు."

ఆ పది నిమిషాలు నలభై నిమిషాలయ్యాయి. అవతలి మనిషి ఎవరో నాకు తెలియదు, మొహం ఎప్పుడూ చూడలేదు. ఇంటి వైపు తిప్పిన బోటుని ఆపి, నా తప్పుకి తన గొంతుని వంతెనగా వేసి, అతను పిలుస్తూనే ఉన్నాడు. మాకు ఒకవైపు గొంతే వినిపించేది. "ఎల్లాజీ... ఎల్లాజీ... ఇనిపిత్తందా..." మసక వెలుతురులో ఆ పిలుపు వింటూ ఉంటే, నేను కూడా ఎక్కడో నీళ్ళ మీద ఉన్నట్టు అనిపించింది. చివరికి, "పలికీనాడు బావా. తిరిగీనాడు. ఎవుడూ సెప్పలేదేటని తిడతన్నాడు" అని వచ్చింది.

నూకాలమ్మ అప్పుడు ఏడ్చింది.

కోసేసిన వల

వాళ్ళు మర్నాడు బాగా పొద్దెక్కాక వచ్చారు. ఏడుగురూ. వల లాగడానికి వేళ లేక కోసేసి వదిలేశారు. ఒక కలాసీకి అరచేయి తాడుతో ఒరుసుకుపోయింది. నేను జట్టీ మీదకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఎల్లాజీ సన్నటి మనిషి, కళ్ళు ఉప్పుకి ఎర్రబడి ఉన్నాయి. నన్ను ఎవరో చూపించారు.

"నువ్వేనేటమ్మా నన్ను నాకన్నా ముందే ఒడ్డుకి తెచ్చీసింది?"

"నా తప్పేనండీ."

"నానొచ్చీసేనని నీ కంప్యూటరుకి తెలుసు. నాకే తెల్దు," అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. కోసిన వల కొసని చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజే సంఘం సెక్రటరీ మూర్తి గారికి ఫోను చేసి, "ఎవరికీ ఏమీ కాలేదు కదా, దీన్ని పెద్దది చెయ్యొద్దు" అన్నాడు. మా మూర్తి గారు కస్టమర్ మాట ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజు కాదన్నారు. "అయింది. వల పోయింది, చెయ్యి పోయేది. ఈ తప్పు మాదని మీ మీటింగులో మేమే చెబుతాం" అన్నారు. చెప్పారు కూడా, ఆయన అలవాటు ప్రకారం చాలా గందరగోళంగా. మంచి బాస్ అంటే తెలివైనవాడని చేరేటప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. తప్పు జరిగిన రోజున ఎక్కడ నిలబడతాడో చూడండి. తక్కిన రోజుల్లో అందరూ బాగానే ఉంటారు.

ఆ సాయంత్రం మూర్తి గారు నన్ను పిలిచారు. "వేలానికి వెళ్ళావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "రేపు వెళ్ళు" అన్నారు.

మూడో మాట

వెళ్ళాను. నూకాలమ్మ నన్ను పక్కన నిలబెట్టుకుని ఏ రాశి ఏ బోటుదో చూపించింది. నాలుగు పొద్దులు వెళ్ళాక నాకు అర్థమైంది, ఇది ఒక కాలమ్ చేర్చితే పోయే చిక్కు కాదు. నేను ఏ నియమం పెట్టినా సముద్రంలో దాన్ని తప్పించుకునే పద్ధతి ఒకటి ముందే ఉంటుంది. బోట్లు డీజిలు అప్పిచ్చుకుంటాయి, ఐసు పంచుకుంటాయి, డ్రైవర్లు బోట్లు మారతారు. అవి తప్పులు కావు, వాళ్ళు బతికే తీరు.

నా తప్పు వేరేచోట ఉంది. నా బస్సులో బోటుకి రెండే మాటలున్నాయి. సముద్రంలో ఉంది, ఒడ్డున ఉంది. ఏదో ఒకటి చెప్పి తీరాలి. తెలియనప్పుడు కూడా తెలిసినట్టే చెప్పాలి. నేను మూడో మాట చేర్చాను. తెలియదు. చేపలు వచ్చి, బోటుని ఎవరూ కంటితో చూడకపోతే తెలియదు. డీజిలు తీసుకుని ఐసు తీసుకోకపోతే తెలియదు. రెండు కిటికీలు రెండు రకాలుగా చెబితే తెలియదు.

సెక్రటరీకి నచ్చలేదు. "తెలియదని చెప్పడానికి కంప్యూటరెందుకండీ? మేమే చెప్పుకోగలం కదా!" అన్నాడు. మూర్తి గారు నాతో విడిగా, "ఒక యంత్రం చేత తెలియదనిపించడానికి నెల పట్టిందమ్మా నీకు" అన్నారు. కోపమో మెచ్చుకోలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఒప్పుకున్నది అప్పారావు గారొక్కడే. "తెల్దంటే అడుగుతాం. దానికేటి? తెలుసంటేనే కదా అడగడం మానీసింది."

ఆ తర్వాత జాబితాలో తెలియని బోట్లు పైన వచ్చేటట్టు మార్చాను. ప్రతి బోటుకీ ఒడ్డున ఉన్న ఇంటి ఫోను నంబరు చేర్చాం. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి ఫోను ఉందో, లేనివాళ్ళకి పక్కింటి నంబరేమిటో నూకాలమ్మ రెండు మధ్యాహ్నాలు కూర్చుని చెప్పింది. నేను రాసుకున్నాను. నా ఎనిమిదేళ్ళ పనిలో అంత మంచి డాక్యుమెంటు ఇంకొకటి లేదు.

ఈ పనిలోకి వస్తున్న మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. సందేశం చేరడం వేరు, మనిషి చేరడం వేరు. రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఎంత అందంగా మాట్లాడుకున్నా, అవి మాట్లాడుకునే విషయం నీళ్ళ మీదో, యార్డులోనో, ఎవరి చేతుల్లోనో ఉంటుంది. మీకు నిద్ర వచ్చే వేళకి జరిగే పనిని తప్పకుండా వెళ్ళి చూడండి. చూడనిది చూశానని చెప్పకండి. నేను చెప్పాను.

రెండో హెచ్చరిక వచ్చేసరికి నాకు ఏడో నెల. ఉద్యోగం మానేస్తున్నానని అప్పటికే చెప్పేశాను. మెట్లు ఎక్కలేక ఎక్కి వైర్‌లెస్ గదిలో కుర్చీలో కూర్చున్నాను. జాబితాలో సముద్రంలో ఉన్నవి తొమ్మిది. తెలియనివి నాలుగు. అప్పారావు గారు ముందు ఆ నాలుగింటి ఇళ్ళకి ఫోను చేశాడు. రెండు బోట్లు వేటలోనే ఉన్నాయని ఇళ్ళలో చెప్పారు. వాటిని వెంటనే వైర్‌లెస్‌లో పిలిచాడు, పలికాయి. మూడోది రిపేరుకి ఒడ్డున ఎక్కించారట.

నాలుగోది ఎల్లాజీది. ఫోను నూకాలమ్మ ఎత్తింది. అప్పారావు గారు నాకు కూడా వినపడాలని స్పీకరు నొక్కాడు.

"ఎల్లాజీ ఎక్కడున్నాడమ్మా? తెల్దని సూపిత్తంది ఇక్కడ."

"ఇంట్లోనే ఉన్నాడు అన్నయ్యా. కంచం ముందు కూకున్నాడు. ఇమ్మంతావా?"

"ఇయ్యి, ఇయ్యి. గొంతు ఇనాలి."

గిన్నె చప్పుడు వినిపించింది. తర్వాత ఎల్లాజీ గొంతు, నోటినిండా అన్నంతో.

"ఒడ్డునే ఉన్నాను బావా. తిననిత్తావా, లేదా?"

అప్పారావు గారు ఆ నంబరు పక్కన టిక్కు పెట్టి తర్వాతి బోటుని పిలవడం మొదలుపెట్టాడు.